ల్యాడరా, టెక్స్టా? పీఎల్‌సీ ప్రోగ్రామ్ మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

పీఎల్‌సీ (ఫ్యాక్టరీలో మెషిన్లని నడిపే కంట్రోలర్) ప్రోగ్రామింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళు, ముఖ్యంగా కంప్యూటర్ సైన్స్ చదివి ఇటు వచ్చినవాళ్ళు, మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: నాలుగు లైన్లు టైప్ చేస్తే అయిపోయే పనికి ఈ బొమ్మలు గీయడమేంటి? ఏళ్ళ తరబడి ప్యానెళ్ళ ముందు నిలబడి పనిచేసిన ఎలక్ట్రికల్ వాళ్ళు దాన్నే తిరగేసి అడుగుతారు: ల్యాడర్ (రిలే డ్రాయింగ్‌లా కనిపించే బొమ్మల భాష) ఉండగా ఈ ఇఫ్, దెన్, ఎల్స్ గోల మనకెందుకు? ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఇద్దరూ మాత్రం మొత్తం ప్రాజెక్టుకి ఒకే భాష ఉండాలన్న లెక్కలో అడుగుతున్నారు, తేడా అక్కడే వస్తుంది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ దాదాపు ఏది తీసుకున్నా ఒక బ్లాక్ ల్యాడర్‌లో, దాని పక్క బ్లాక్ టెక్స్ట్‌లో రాసుకోవచ్చు. సీమెన్స్ టీఐఏ పోర్టల్‌లో అయితే ల్యాడర్ బ్లాక్ మధ్యలోనే ఒక్క నెట్‌వర్క్‌ని (ఆ బ్లాక్‌లో ఒక చిన్న భాగాన్ని) టెక్స్ట్‌లో పెట్టుకునే వీలు కూడా ఉంది. కాబట్టి భాషని బ్లాక్ బ్లాక్‌కీ ఎంచుకోవాలి.

నా సలహా ముందే చెప్పేస్తాను. రాత్రి షిఫ్ట్‌లో మెషిన్ ఆగిపోతే ల్యాప్‌టాప్ తెరిచేది ఎవరు? ఆ మనిషి చూడాల్సి వచ్చే భాగమంతా ఆ మనిషి చదవగలిగే భాషలో ఉండాలి. వాళ్ళు ఎప్పుడూ తెరవక్కర్లేని భాగం, అంటే లెక్కలు, రెసిపీలు (ఒక్కో ఉత్పత్తికి వాడే సెట్టింగులు), డేటా పంపడం లాంటివి, మీకు ఏది తేలికో అందులో రాసుకోండి. ఇంత చిన్న సూత్రమే అయినా పనిలో పెట్టేటప్పుడు చాలా మెలికలున్నాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎన్ని రకాలున్నాయి

ఐఈసీ 61131-3 అనే అంతర్జాతీయ ప్రమాణం మొదట 1993లో వచ్చింది. అందులో ఐదు భాషలు పెట్టారు. బొమ్మల వైపు ల్యాడర్, ఫంక్షన్ బ్లాక్ డయాగ్రమ్ (ఎఫ్‌బీడీ అంటాం). రాత వైపు స్ట్రక్చర్డ్ టెక్స్ట్, ఇన్‌స్ట్రక్షన్ లిస్ట్. ఐదోది సీక్వెన్షియల్ ఫంక్షన్ చార్ట్, అంటే ఎస్‌ఎఫ్‌సీ, ఇది స్టెప్పుల వారీగా పనిని చూపించే చట్రం, ఒక్కో స్టెప్పు లోపల మిగతా భాషల్లో దేన్నైనా వాడుకోవచ్చు. ఇన్‌స్ట్రక్షన్ లిస్ట్ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు, 2013 నాటి మూడో ఎడిషన్‌లోనే దాన్ని వాడకపోవడం మంచిదని పక్కన పెట్టారు, 2025 నాలుగో ఎడిషన్‌లో పూర్తిగా తీసేశారు. కాకపోతే పాత సీమెన్స్ ఎస్7-300 కంట్రోలర్లతో నడిచే లైన్లు ఇంకా చాలా ఫ్యాక్టరీల్లో ఉన్నాయి, వాటిలో ఎస్‌టీఎల్ పేరుతో ఇదే తరహా కోడ్ కనిపిస్తుంది. చదివి అర్థం చేసుకునేంత వస్తే సరిపోతుంది, కొత్తగా ఏదీ అందులో మొదలుపెట్టకండి.

పేర్ల దగ్గర కొత్తవాళ్ళు తికమక పడతారు కాబట్టి ఒక మాట: స్ట్రక్చర్డ్ టెక్స్ట్‌ని సీమెన్స్ వాళ్ళు ఎస్‌సీఎల్ అంటారు, ఎస్‌ఎఫ్‌సీకి దగ్గరగా ఉండేదాన్ని గ్రాఫ్ అంటారు. ఇక్కడ నేను టెక్స్ట్ అన్నప్పుడల్లా స్ట్రక్చర్డ్ టెక్స్ట్ అనే చదువుకోండి.

ల్యాడర్ ఎందుకు పుట్టిందో తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళ హైడ్రామాటిక్ విభాగం, రిలేలతో నిండిన ప్యానెళ్ళ బదులు ఎలక్ట్రానిక్ కంట్రోలర్ కావాలని అడిగింది. డిక్ మోర్లీ బృందం చేసిన మోడికాన్ 084 ఆ అవసరం నుంచే వచ్చింది. కారు మోడల్ మారిన ప్రతిసారీ రిలే వైరింగ్ మొత్తం పీకి మళ్ళీ వేసుకోవడం వాళ్ళకి పెద్ద తలనొప్పి. కంట్రోలర్ మారినా దాన్ని చూసుకునే ఎలక్ట్రీషియన్లు మాత్రం వాళ్ళే, అందుకని వాళ్ళకి అలవాటైన రిలే డ్రాయింగ్ రూపంలోనే ప్రోగ్రామ్ పెట్టారు. ఇన్నేళ్ళ తర్వాత మన పాశమైలారంలోనో శ్రీసిటీలోనో ఒక ప్లాంట్‌కి వెళ్ళి చూడండి, బ్రేక్‌డౌన్ అంటే ముందు పరిగెత్తేది ఐటీఐ ఎలక్ట్రీషియనో డిప్లొమా ఇంజనీరో. అప్పటి కారణం ఇప్పటికీ చెల్లుతుంది.

ఒక మోటార్, రెండు రాతలు

చిన్న ఉదాహరణ తీసుకుందాం, స్టార్ట్ బటన్, స్టాప్ బటన్, ఓవర్‌లోడ్ రిలే ఉన్న ఒక మోటార్. ల్యాడర్‌లో ఒక్క రంగ్ (నిచ్చెన మెట్టులాంటి ఒక అడ్డ వరుస) చాలు: స్టార్ట్ కాంటాక్ట్, దానికి ప్యారలల్‌గా మోటార్ సొంత కాంటాక్ట్, సిరీస్‌లో స్టాప్, ఓవర్‌లోడ్, చివర మోటార్ కాయిల్ (అంటే అవుట్‌పుట్). స్టాప్ బటన్‌ని ఫీల్డ్‌లో ఎన్‌సీగా (నొక్కనప్పుడు మూసి ఉండేలా) వైర్ చేస్తాం కాబట్టి మామూలుగా ఉన్నప్పుడు ఇన్‌పుట్ ఒకటిగా ఉంటుంది, అందుకే ల్యాడర్‌లో దానికి ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే) కాంటాక్ట్ గుర్తు వేయాలి. వైర్ తెగినా మోటార్ ఆగాలన్నదే దీని వెనక ఉన్న ఉద్దేశం.

టెక్స్ట్‌లో ఇదే పని ఒక్క లైన్: మోటార్ := (స్టార్ట్ ఆర్ మోటార్) అండ్ స్టాప్ అండ్ ఓవర్‌లోడ్_ఓకే. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ పైథాన్ నుంచో సీ నుంచో వచ్చినవాళ్ళు దీన్ని ఇలా రాయరు, ఇఫ్ స్టార్ట్ దెన్ మోటార్ := ట్రూ అని రాస్తారు. బటన్ నొక్కితే మోటార్ తిరుగుతుంది, అందరూ సంతోషిస్తారు, ఆ తర్వాత స్టార్ట్ వదిలేసినా, ఓవర్‌లోడ్ ట్రిప్ అయినా ఆ అవుట్‌పుట్ ఆన్‌లోనే ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఫాల్స్ చేసే లైన్ ఎక్కడా రాయలేదు. ల్యాడర్‌లో మామూలు కాయిల్‌కి ఈ ఇబ్బంది లేదు, రంగ్ తెగితే కాయిల్ దానంతట అదే ఆఫ్ అవుతుంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. టెక్స్ట్‌లో అవుట్‌పుట్ రాస్తే ఇఫ్ లోపల పెట్టకుండా పైన రాసినట్టు ఒకే సమీకరణంగా రాయండి, లేదంటే ఎల్స్ తప్పనిసరి.

టైమర్ల దగ్గర ఇంకో మెలిక. ఆన్ డిలే టైమర్‌ని ప్రతి స్కాన్‌లోనూ (ప్రోగ్రామ్ పైనుంచి కిందకి నడిచిన ప్రతిసారీ) పిలవాలి, అప్పుడే దాని ఇన్‌పుట్ పడిపోయిందని దానికి తెలుస్తుంది. చాలామంది ఇఫ్ పంప్ దెన్ అని పెట్టి దాని లోపల టైమర్‌ని ఇన్ := ట్రూ అని పిలుస్తారు. పంప్ ఆగగానే ఆ ఇఫ్ లోపలికి ప్రోగ్రామ్ వెళ్ళదు, టైమర్‌కి ఫాల్స్ అనే కబురే అందదు, రెండోసారి పంప్ ఆన్ అయ్యేసరికి అయిదు సెకన్లు ఆగాల్సినది వెంటనే అయిపోయిందంటుంది. మొదటి ట్రయల్‌లో పాస్, రెండో ట్రయల్‌లో ఫెయిల్, కారణం మాత్రం కంటికి కనపడదు. టైమర్ పిలుపులన్నీ ఇఫ్‌ల బయట, బ్లాక్ చివర ఒకే చోట పెట్టి, వాటి ఇన్‌పుట్ కండిషన్‌ని మాత్రం పైన మార్చుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

ల్యాడర్‌కి సొంత రోగాలు లేవని కాదు. ఒకే అవుట్‌పుట్‌ని రెండు రంగ్‌లలో కాయిల్‌గా వేస్తే కింద ఉన్నదే గెలుస్తుంది, పై రంగ్ పచ్చగా వెలుగుతూ ఉంటుంది, మోటార్ కదలదు. మాన్యువల్‌కి ఒక రంగ్, ఆటోకి ఒక రంగ్ వేసే అలవాటున్న చోట ఇది తరచూ జరుగుతుంది. క్రాస్ రిఫరెన్స్ (ఒక ట్యాగ్‌ని ఎక్కడెక్కడ వాడారో చూపే పట్టిక) తెరిచి చూస్తే నిమిషంలో బయటపడుతుంది, కానీ అది తెరవాలని తట్టాలి కదా.

ఆన్‌లైన్‌లోకి వెళ్ళి చూసినప్పుడు

ప్రోగ్రామ్‌ని ఒకసారి రాస్తాం, తర్వాత ఏళ్ళకేళ్ళు చదువుతూనే ఉంటాం. అందుకే రాయడం తేలికా అన్నదానికంటే చదవడం తేలికా అన్నదానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

కన్వేయర్ స్టార్ట్ అవ్వట్లేదనుకోండి. దానికి ఎనిమిది ఇంటర్‌లాకులు, అంటే అన్నీ సరిగ్గా ఉంటేనే నడవనిచ్చే షరతులు, ఉన్నాయి: ఎమర్జెన్సీ స్టాప్, గార్డ్ డోర్, ముందు మెషిన్ రెడీ, తర్వాతి మెషిన్ రన్నింగ్, డ్రైవ్ హెల్తీ, ఎయిర్ ప్రెషర్, ఓవర్‌లోడ్, మోడ్ సెలక్షన్. ల్యాడర్‌లో ఆన్‌లైన్ పెట్టగానే ఏడు కాంటాక్టుల వరకు పచ్చ గీత వస్తుంది, ఎనిమిదో దగ్గర తెగుతుంది. గార్డ్ డోర్ స్విచ్. వెళ్ళి తలుపు సరిగ్గా మూస్తే అయిపోయింది. ప్రోగ్రామ్ రాసింది ఎవరో తెలియక్కర్లేదు, ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా పర్వాలేదు, ట్యాగ్ పేరు పక్కన ఇన్‌పుట్ అడ్రస్ ఉంటే నేరుగా మాడ్యూల్ మీద ఆ లైట్ చూడొచ్చు.

అదే టెక్స్ట్‌లో ఎనిమిది వేరియబుల్స్‌ని అండ్‌లు, ఆర్‌లు, బ్రాకెట్లతో ఒక్క పొడుగాటి లైన్‌గా రాసి ఉంటే? ఇప్పటి ఎడిటర్లు ఒక్కో వేరియబుల్ విలువని పక్కనే చూపిస్తాయి, ఆ మాట నిజమే. కానీ ఏ బ్రాకెట్ ఎక్కడ మూసుకుంది, ఏ నాట్ దేనికి వర్తిస్తుంది అన్నది చదివేవాడే మనసులో లెక్క వేసుకోవాలి. ప్రొడక్షన్ వాళ్ళు వెనక నిలబడి ఎప్పుడవుతుంది ఎప్పుడవుతుంది అని అడుగుతుంటే ఆ టెన్షన్‌లో ఎంత తెలివైనవాడికైనా బ్రాకెట్లు సరిగ్గా కనిపించవు. అందుకే ఇంటర్‌లాకులు, పర్మిసివ్‌లు (స్టార్ట్‌కి అనుమతిచ్చే షరతులు), మోటార్ స్టార్ట్ స్టాప్, సోలెనాయిడ్ అవుట్‌పుట్లు, వీటిని ల్యాడర్‌లోనే ఉంచమని గట్టిగా చెబుతాను. మీరు టెక్స్ట్‌లో ఎంత ఘనులైనా సరే.

ఏదో కారణంగా టెక్స్ట్‌లోనే రాయాల్సి వస్తే, ఆ పొడుగు లైన్‌ని ముక్కలు చేయండి. సేఫ్టీ_ఓకే, డ్రైవ్_ఓకే, డౌన్‌స్ట్రీమ్_ఓకే అని మూడు నాలుగు బూలియన్లుగా (ట్రూ, ఫాల్స్ వేరియబుల్స్‌గా) విడగొట్టి, చివరి లైన్‌లో వాటిని మాత్రమే కలపండి. ఏ ఇంటర్‌లాక్ ముందు పడిపోయిందో పట్టుకుని హెచ్‌ఎంఐ (ఆపరేటర్ తెర) మీద చూపించే చిన్న కోడ్ కూడా రాస్తే ల్యాప్‌టాప్ తెరిచే అవసరమే సగానికి సగం తగ్గుతుంది. నిజానికి ఇది ఏ భాషలో రాసినా చేయాల్సిన పనే, చాలామంది చేయరు, కమిషనింగ్ హడావిడిలో తర్వాత చూద్దాంలే అని వదిలేస్తారు, ఆ తర్వాత అనేది రాదు.

ల్యాడర్ చేతులెత్తేసే చోట

ఇప్పుడు రెండో వైపు. ఇరవై నాలుగు హీటింగ్ జోన్లున్న ఎక్స్‌ట్రూడర్‌లో ఏ జోన్ ఎక్కువ వేడిగా ఉందో కనుక్కోవాలి, సగటు తీయాలి. టెక్స్ట్‌లో ఒక ఫర్ లూప్, ఆరేడు లైన్లు. ల్యాడర్‌లో అయితే ఇరవై నాలుగు పోలిక రంగ్‌లు, లేకపోతే జంప్, లేబుల్, ఇన్‌డైరెక్ట్ అడ్రసింగ్‌తో ఒక చిక్కుముడి. ఆ చిక్కుముడిని తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్ చదవగలడా? చదవలేడు. అంటే ల్యాడర్‌కున్న ఒకే ఒక పెద్ద లాభం ఇక్కడ పోయింది, ఇక దాన్ని పట్టుకుని వేలాడటంలో అర్థం లేదు. రెసిపీ టేబుళ్ళు, బార్‌కోడ్ స్ట్రింగ్ విడగొట్టడం, బ్యాచ్ రికార్డులు వరుసగా దాచడం, ఎంక్యూటీటీ (నెట్‌వర్క్‌లో సందేశాలు పంపే ఒక పద్ధతి) మీద డేటా పంపడం, ఫార్ములాలు, అన్నీ ఈ కోవలోవే. వీటికి టెక్స్ట్ వాడండి, మొహమాటం వద్దు.

అయితే టెక్స్ట్ ఇచ్చే స్వేచ్ఛలో పడే గోతులు కొన్నున్నాయి. అనలాగ్ స్కేలింగ్ చూడండి. సీమెన్స్‌లో 4–20 మిల్లీయాంపుల సిగ్నల్ 0 నుంచి 27648 వరకు ఉండే అంకెగా వస్తుంది. 0–10 బార్ ట్రాన్స్‌మిటర్ అనుకుందాం, 12 మిల్లీయాంపులు వస్తే రా విలువ (స్కేల్ చేయని ముడి అంకె) 13824, ప్రెషర్ 5 బార్ అని చూపాలి. ఇంటీజర్లలోనే రా / 27648 * 10 అని రాస్తే ముందు భాగహారం జరుగుతుంది, 13824ని 27648తో భాగిస్తే ఇంటీజర్ లెక్కలో 0, దాన్ని పదితో గుణించినా 0. అంటే ఫుల్ స్కేల్‌కి వచ్చేదాకా స్క్రీన్ మీద సున్నాయే. పోనీ ముందు గుణిద్దామంటే 138240 వస్తుంది, 16 బిట్ ఇంటీజర్‌లో పట్టేది 32767 వరకే. రా విలువని ముందు రియల్‌లోకి (దశాంశ సంఖ్యలోకి) మార్చి, 27648.0 అని చుక్కతో సహా రాయడమే సరైన దారి. ల్యాడర్‌లో నార్మ్ ఎక్స్, స్కేల్ ఎక్స్ అనే రెండు బాక్సులు వరసగా పెడితే ఈ గొడవ అవే చూసుకుంటాయి, కొత్తవాళ్ళకి అది క్షేమం. కానీ నలభై అనలాగ్ ఇన్‌పుట్లుంటే ఎనభై బాక్సులు గీస్తూ కూర్చోలేం. ఒక ఫంక్షన్ టెక్స్ట్‌లో రాసి, పరీక్షించి, దాన్నే నలభై సార్లు పిలవండి.

ఐటీ వైపు నుంచి వచ్చినవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది స్కాన్ సైకిల్ సంగతి. పీఎల్‌సీ మామూలుగా ఇన్‌పుట్లు చదువుతుంది, ప్రోగ్రామ్ మొత్తం పైనుంచి కిందకి ఒకసారి నడుపుతుంది, అవుట్‌పుట్లు రాస్తుంది, మళ్ళీ మొదలు. సెన్సార్ వచ్చేదాకా ఆగుదామని వైల్ లూప్ పెడితే, ఆ లూప్ తిరుగుతున్నంతసేపు ఇన్‌పుట్ ఇమేజ్ (అంతకుముందు చదివి దాచుకున్న ఇన్‌పుట్ విలువలు) మారదు, సెన్సార్ ఎదురుగా సీసా నిలబడి ఉన్నా ప్రోగ్రామ్‌కి కనపడదు. ఎస్7-1200, ఎస్7-1500లలో సైకిల్ టైమ్ పరిమితి డిఫాల్ట్‌గా 150 మిల్లీసెకన్లు, అది దాటితే టైమ్ ఎర్రర్ వస్తుంది. పీఎల్‌సీలో ఆగడం అనే పని లేదు, ఇంకా రాలేదు, మళ్ళీ వచ్చే స్కాన్‌లో చూద్దాం అని ముందుకు పోవడమే. ల్యాడర్‌లో మొదలుపెట్టి నేర్చుకున్నవాళ్ళకి ఈ ఆలోచన సహజంగా అబ్బుతుంది, అందుకే సాఫ్ట్‌వేర్ పిల్లలకి కూడా మొదటి నెల ల్యాడరే చేయమంటాను.

ఎఫ్‌బీడీ, ఎస్‌ఎఫ్‌సీ: వీటిని మర్చిపోకండి

గొడవంతా ల్యాడర్‌కీ టెక్స్ట్‌కీ మధ్యే జరుగుతుంది గానీ, ప్రాసెస్ ప్లాంట్లలో నడిచేది ఎక్కువగా ఎఫ్‌బీడీ. ట్రాన్స్‌మిటర్ నుంచి సిగ్నల్ వస్తుంది, ఫిల్టర్, పీఐడీ (విలువని సెట్ చేసిన చోట నిలబెట్టే కంట్రోల్ బ్లాక్), లిమిటర్, వాల్వ్, అన్నీ ఎడమ నుంచి కుడికి వరసగా తీగలతో కలిపి కనిపిస్తాయి. ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ళు లూప్ డ్రాయింగ్ చదివినట్టే చదివేస్తారు. యోకోగావా సెంటమ్, హనీవెల్ ఎక్స్‌పీరియన్, ఎమర్సన్ డెల్టావీ లాంటి డీసీఎస్‌లలో (ప్లాంట్ మొత్తాన్ని నడిపే కంట్రోల్ వ్యవస్థల్లో) కంట్రోల్ లూపుల పని ఫంక్షన్ బ్లాకులతోనే, సీమెన్స్ పీసీఎస్ 7లో సీఎఫ్‌సీ అనే దాని బంధువు. గల్ఫ్‌లో ఆయిల్, గ్యాస్ ప్లాంట్లకి వెళ్ళాలనుకునే మన ఇన్‌స్ట్రుమెంటేషన్ కుర్రాళ్ళు ల్యాడర్ ఒక్కటే నేర్చుకుని ఆగిపోతే అక్కడ ఇబ్బంది పడతారు. ఒక జాగ్రత్త: సీఎఫ్‌సీ తరహా ఎడిటర్లలో బ్లాకుల్ని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టొచ్చు, కానీ అవి నడిచే వరుస వాటికిచ్చిన నంబర్లని బట్టి ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ ఉన్న చోట వరుస తప్పితే ఒక స్కాన్ పాత విలువతో లెక్క జరుగుతుంది. బొమ్మ చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది, అందుకే నంబర్లు చూడటం అలవాటు చేసుకోండి. లాజిక్‌లో ఇఫ్‌లు పెరిగిన కొద్దీ ఎఫ్‌బీడీ తీగలు ఒకదాని మీద ఒకటి పడి సాలెగూడులా తయారవుతాయి, ఆ దశకి రాకముందే ఆ భాగాన్ని టెక్స్ట్ బ్లాక్‌లోకి మార్చేయండి.

సీక్వెన్స్ అంటే ఎస్‌ఎఫ్‌సీ. 1970లలో ఫ్రాన్స్‌లో రూపొందిన గ్రాఫ్‌సెట్ దీనికి మూలం. ఫార్మా రియాక్టర్ తీసుకోండి, జీడిమెట్లలోనైనా పరవాడలోనైనా పని అదే: ఛార్జింగ్, హీటింగ్, హోల్డ్, కూలింగ్, డిశ్చార్జ్. దీన్ని ల్యాడర్‌లో సెట్, రీసెట్ బిట్లతో రాస్తే మొదట్లో బాగానే ఉంటుంది, ప్రాసెస్ వాళ్ళు వచ్చి హోల్డ్‌లో ఉండగా ఆపితే మళ్ళీ హీటింగ్‌కి వెళ్ళాలి, కానీ టెంపరేచర్ ఇంత కంటే ఎక్కువుంటే నేరుగా కూలింగ్‌కి పోవాలి అని రెండు మార్పులు చెప్పేసరికి ఏ బిట్ ఎక్కడ సెట్ అవుతోందో ఎక్కడ రీసెట్ అవుతోందో రాసినవాడికే అంతుపట్టదు. ఎస్‌ఎఫ్‌సీలో ప్రస్తుతం ఏ స్టెప్పులో ఉంది, ఏ కండిషన్ కోసం ఎదురుచూస్తోంది అన్నది తెర మీద వెలుగుతూ కనిపిస్తుంది. బ్యాచ్ ప్లాంట్ల ప్రమాణం ఐఎస్ఏ-88 ఆలోచనకి కూడా ఇది బాగా కలుస్తుంది.

చిక్కేమిటంటే చిన్న కంట్రోలర్లు చాలావాటిలో ఎస్‌ఎఫ్‌సీ ఉండదు, కొన్నిటికి లైసెన్స్ విడిగా కొనాలి. ఆర్డర్ పెట్టే ముందే చూసుకోండి. లేనప్పుడు టెక్స్ట్‌లో కేస్ స్టేట్‌మెంట్ వాడండి. స్టెప్ నంబర్లని 10, 20, 30 అని ఇవ్వండి, మధ్యలో కొత్త స్టెప్ దూర్చాల్సి వస్తే చోటుంటుంది. ఒక్క స్టెప్ వేరియబుల్ ఉంటుంది కాబట్టి ఒకేసారి రెండు స్టెప్పుల్లో ఉండే ప్రమాదమే లేదు. ఒకటే నియమం, కేస్ లోపల అవుట్‌పుట్లని నేరుగా ఆన్ చేయకండి. కేస్ స్టెప్పుని మాత్రమే మార్చాలి, స్టెప్ 30 అయితే స్టీమ్ వాల్వ్ తెరవమనే కండిషన్, దానితో పాటు ఇంటర్‌లాకులు కింద ల్యాడర్ రంగ్‌లో ఉండాలి. అప్పుడు వాల్వ్ తెరుచుకోకపోతే మెయింటెనెన్స్ వాళ్ళు ఆ రంగ్ చూస్తారు, స్టెప్ 30 కాంటాక్ట్ పచ్చగా ఉందా లేదా చూస్తే సమస్య ఫీల్డ్‌లోనా సీక్వెన్స్‌లోనా తెలిసిపోతుంది. నాకు తెలిసి రెండు భాషల్నీ కలిపి వాడే పద్ధతుల్లో దీన్ని మించింది లేదు.

మీ చేతిలో లేని ఎంపికలు

సేఫ్టీ ప్రోగ్రామ్ దగ్గర పెద్దగా ఆలోచించే పని లేదు. సీమెన్స్ ఫెయిల్‌సేఫ్ (అంటే సేఫ్టీ) ప్రోగ్రామ్ ల్యాడర్ లేదా ఎఫ్‌బీడీలోనే రాయాలి, రాక్‌వెల్ గార్డ్‌లాజిక్స్‌లో సేఫ్టీ టాస్క్‌కి ల్యాడర్ మాత్రమే. భాష ఎంత కట్టుదిట్టంగా ఉంటే తప్పు దొర్లే దారులు అంత తక్కువ, పరిశీలించడం అంత తేలిక అన్నది దీని వెనక ఉన్న కారణం. ఈ తర్కాన్ని మామూలు ఇంటర్‌లాకులకీ వర్తింపజేసుకుంటే మంచిదే.

కస్టమర్ స్పెసిఫికేషన్ కూడా అంతే. ల్యాడర్‌లోనే కావాలని కొన్ని ఫ్యాక్టరీలు టెండర్‌లోనే రాస్తాయి. అది చదవకుండా మొత్తం టెక్స్ట్‌లో రాసి పట్టుకెళితే ఫ్యాక్టరీ ట్రయల్ దగ్గరే మొదటికి మోసం వస్తుంది. దేశాన్ని బట్టి అలవాట్లు కూడా మారతాయి, అమెరికా ప్లాంట్లలో ల్యాడర్ పట్టు ఎక్కువ, జర్మనీ మెషిన్ తయారీదారుల దగ్గర టెక్స్ట్ వాడకం ఎక్కువ, అక్కడ ఉద్యోగానికి ప్రయత్నించేవాళ్ళు దాన్ని బట్టి సిద్ధమవ్వండి.

బృందం పెద్దదైతే

ఒకే మెషిన్‌ని చిన్న చిన్న మార్పులతో పదిమంది కస్టమర్లకి అమ్మే కంపెనీలో లెక్క మారుతుంది. నలుగురు కలిసి ఒకే కోడ్ మీద పనిచేస్తున్నప్పుడు, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో గిట్‌లో (కోడ్ మార్పుల్ని దాచిపెట్టే టూల్) లైన్ల వారీగా చూసుకోగలగడం టెక్స్ట్‌కున్న పెద్ద బలం. ల్యాడర్‌కి ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోని కంపేర్ టూలే దిక్కు, అది బాగా పనిచేస్తే మంచిదే, కానీ ఆ సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఆ లైసెన్స్ ఉన్నవాళ్ళే చూడగలరు. ఫార్మాలో వ్యాలిడేటెడ్ సిస్టమ్ మీద ఏ మార్పు చేసినా దాన్ని కాగితం మీద చూపించాలి కాబట్టి అక్కడ ఈ విషయం ఇంకా గట్టిగా ఆలోచించాలి.

ఒక బ్రాండ్ నుంచి ఇంకో బ్రాండ్‌కి మారేటప్పుడు కూడా టెక్స్ట్‌దే పైచేయి. ల్యాడర్ దాదాపు మళ్ళీ గీసుకోవాల్సిందే. పీఎల్‌సీ ఓపెన్ అనే సంస్థ వాళ్ళ ఎక్స్ఎంఎల్ ఫార్మాట్ 2019లో ఐఈసీ 61131-10గా ప్రమాణం అయింది గానీ, అన్ని కంపెనీలూ దాన్ని తలకెత్తుకోలేదు. టెక్స్ట్ అయితే కాపీ చేసి, ట్యాగుల రాత మార్చి, టైమర్ల పిలుపులు సరిచేస్తే చాలావరకు ఒడ్డున పడతాం. ఏఐ టూల్స్ కూడా ఎక్కువగా టెక్స్ట్‌నే రాసిస్తున్నాయి. వాడుకోండి, కానీ అది ఇచ్చిన కోడ్‌లో ఎల్స్ లేని ఇఫ్‌లు, ఇఫ్ లోపల టైమర్లు, వైల్ లూపులు ఉన్నాయేమో ముందు వెతకండి, ఆ తర్వాతే మెషిన్‌లోకి డౌన్‌లోడ్ చేయండి.

ఏ పనికి ఏది

మిర్యాలగూడ రైస్ మిల్లులో ఎలివేటర్లు, కన్వేయర్లు, బ్లోయర్లు వరసగా ఆన్, ఆఫ్ అయ్యే ప్యానెల్ అయితే మొత్తం ల్యాడర్‌లో రాసేయండి, రెండో ఆలోచన వద్దు. ఊరికి దూరంగా ఉండే పంప్ హౌస్ కూడా అంతే, అక్కడికి వెళ్ళేది ఎలక్ట్రీషియన్ ఒక్కడే. లెవల్, ఫ్లో లెక్కలు, రన్నింగ్ అవర్స్ టోటల్ లాంటివి ఒక చిన్న టెక్స్ట్ బ్లాక్‌లో దాచండి.

ప్యాకింగ్ మెషిన్, సర్వోలు, క్యామ్ ప్రొఫైళ్ళు ఉన్నప్పుడు మోషన్, రెసిపీ, సీక్వెన్స్ టెక్స్ట్‌లో, పైన అవుట్‌పుట్లు, ఇంటర్‌లాకులు ల్యాడర్‌లో. బ్యాచ్ రియాక్టర్‌కి స్టెప్పులు ఎస్‌ఎఫ్‌సీలో, లూపులు ఎఫ్‌బీడీలో, రెసిపీ లెక్కలు టెక్స్ట్‌లో. డీసీఎస్ ప్లాంట్‌లో అక్కడి బ్లాక్ లైబ్రరీనే వాడండి, సొంత తెలివి చూపించడానికి అది చోటు కాదు.

నేర్చుకునేవాళ్ళకి డబ్బు ఖర్చు లేని దారులున్నాయి. కోడెసిస్ డెవలప్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో సిమ్యులేషన్ ఉంది, ల్యాడర్, ఎఫ్‌బీడీ, ఎస్‌ఎఫ్‌సీ, టెక్స్ట్ అన్నీ ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ పై ఉంటే దాని రన్‌టైమ్ లైసెన్స్ లేకుండా రెండు గంటలు నడుస్తుంది, తర్వాత మళ్ళీ స్టార్ట్ చేసుకోవడమే. ఓపెన్‌పీఎల్‌సీ పూర్తిగా ఓపెన్ సోర్స్. టీఐఏ పోర్టల్‌కి 21 రోజుల ట్రయల్ దొరుకుతుంది. ఒకే అభ్యాసాన్ని రెండు భాషల్లోనూ చేయండి: స్టార్ డెల్టా స్టార్టర్ ముందు ల్యాడర్‌లో, తర్వాత టెక్స్ట్‌లో. ట్యాంక్ ఫిల్లింగ్ సీక్వెన్స్ ముందు ఎస్‌ఎఫ్‌సీలో, తర్వాత కేస్‌లో. రాయడం అయ్యాక ఒక ఇన్‌పుట్‌ని కావాలని ఆపేసి, ఆ ప్రోగ్రామ్ ఎప్పుడూ చూడని స్నేహితుడిని ఆన్‌లైన్‌లో కూర్చోబెట్టి, ఎందుకు ఆగిందో కనుక్కోమనండి. ఏ రాతలో తొందరగా పట్టుకున్నాడో చూసి, మీ ప్లాంట్‌లో ఆ బ్లాక్‌ని అందులోనే రాయండి.